కలిపితే ఒకటే లైను: ఆదివారం కూడేవాళ్లు హెచ్‌ఓ బోర్డులు కట్టుకునే పద్ధతి

తిరుపతిలో రైలు మోడళ్ల కోసం గది మొత్తం వదిలేయగలిగిన ఇళ్లు తక్కువ. మిద్దె మీద రేకుల గదిలో ఒక మూల, కాదంటే బీరువా పక్కన నాలుగడుగుల గోడ, దొరికేది అంతే. అందుకని తలా పట్టాలు పరిచిన ఒక చెక్క బోర్డు కట్టుకుని, ఆదివారం ఎవరో ఒకరి హాల్లో అన్నిటినీ వరసగా బిగించి బండ్లు నడుపుకోవడం మేలు. చిత్తూరు నుంచి వచ్చేవాళ్లు కూడా ఒక్క బోర్డు తెచ్చుకుంటే చాలు. ఐదు బోర్డులు కలిస్తే ఇరవై అడుగుల లైను.

ఇందులో తగువంతా జాయింటు దగ్గరే వస్తుంది. బోర్డు నడుమ పాకాల జంక్షన్ పెట్టుకుంటారో మామిడితోట పెట్టుకుంటారో మీ ఇష్టం. రెండు చివర్లా 100 మి.మీ. మాత్రం మీ సొంతం కాదు, అందరిదీ. ఆ ముక్క కొలత తేలకుండా ఎవరూ రంపం పట్టకూడదు.

ముందు లెక్కలు

హెచ్‌ఓ అంటే 1:87, అసలు రైలుకు 87వ వంతు సైజు, పట్టాల మధ్య 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అంటే మన బండ్లు ఈ ట్రాక్ మీద కాస్త ఇరుకుగా నిలబడతాయి. దీని మీద వాదన మొదలైతే పూట గడిచిపోతుంది, బోర్డు మాత్రం లేవదు. దొరికే ట్రాకూ చక్రాలూ 16.5వే, వాటికే కట్టండి. ధర్మవరం వైపు పాత మీటర్‌గేజ్ మీద మనసున్నవాళ్లు 12 మి.మీ. ట్రాక్‌తో వేరే బోర్డు చేసుకోవాలి, ఈ వరసలో అది కలవదు.

ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం ప్రయాణికుల పెట్టె పొడవు 24 మీటర్లు, మోడల్లో 276 మి.మీ. పాత ఐసీఎఫ్ పెట్టె 256. డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజను 236. ఇంజనుకు నాలుగు ఎల్‌హెచ్‌బీలు తగిలిస్తే 1340 మి.మీ., అంటే నాలుగడుగుల బోర్డు కంటే పొడుగు. కాబట్టి రెండు బండ్లు తప్పుకునే లూప్ ఒక బోర్డులో పట్టదు, రెండు బోర్డుల మీదుగా సాగాలి. పాయింటు అంటే ఒక లైను రెండుగా చీలే చోటు, పెకో కంపెనీ మీడియం రకం 219 మి.మీ. ఉంటుంది. రెండు కొసలా పాయింట్లు, అవి విడిపోయే దూరం పోను నిలబెట్టుకోవడానికి సుమారు 1500 మి.మీ. మిగులుతుంది. నాలుగు పెట్టెల బండికి సరిపోతుంది, ఐదోది తగిలిస్తే తోక పాయింటు మీద ఉంటుంది.

వంపు వేసేవాళ్లకు పాత సూత్రం ఒకటి: అన్నిటికంటే పొడుగు పెట్టెకు రెండున్నర రెట్ల రేడియస్ ఉంటే బండి పట్టాల మీద నిలుస్తుంది, మూడు రెట్లుంటే చూడటానికీ బాగుంటుంది. ఎల్‌హెచ్‌బీకి అది 690, 828 మి.మీ. బొమ్మ రైలు సెట్లలో వచ్చే 457 మి.మీ. వంపులో ఈ పెట్టెలు ఒకదాన్నొకటి పక్కకు తోసుకుంటాయి.

చెక్కపని

ఒక 8×4 ప్లైవుడ్ షీటు కొంటే 457 మి.మీ. వెడల్పు, 1220 పొడవున్న పైపలకలు ఐదు వస్తాయి. కోతకు పోగా 140 మి.మీ. పట్టీ మిగులుతుంది, మూలల్లో అతికించే ముక్కలకు అది పనికొస్తుంది. పైపలకకు 9 మి.మీ. చాలు. పక్క పట్టీలకు 12 మి.మీ., రెండు చివరి పలకలకు 18 మి.మీ., ఎత్తు అన్నిటికీ 100. నీటికి తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం తీసుకోండి. ఎండీఎఫ్ చవకగా వస్తుంది గానీ కార్తీకమాసం వానలకు తేమ పీల్చి చివర్లు ఉబ్బుతాయి, జాయింటు పోతుంది. కోత దుకాణంలో మిషను మీదే వేయించండి. చేతి రంపంతో నాలుగడుగులు తిన్నగా కోయడం వడ్రంగికి కూడా కష్టమే. ఎర్రచందనం ముక్క ఉంది, ఇస్తానని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

ఫెవికాల్ రాసి, స్క్రూలు బిగించే ముందు ఎదురెదురు మూలలకు టేపు పెట్టి చూడండి. రెండు కొలతలూ ఒకటైతే చట్రం చదరంగా ఉన్నట్టు. 2 మి.మీ. తేడాను ఈ బోర్డు చూపించదు, మూడో బోర్డు కలిపేసరికి వరస గోడను తాకుతుంది. చట్రం నడుమ 400 మి.మీ.కి ఒకటి చొప్పున అడ్డపట్టీలు వేసి, వాటికి వైర్లు పోయే రంధ్రాలు ముందే పెట్టుకోండి.

కాళ్లు మడిచేవైనా విడిచేవైనా పట్టా పైభాగం నేల నుంచి 1050 మి.మీ. ఉండాలి. ప్రతి కాలి అడుగున ఎం8 బోల్టు పెట్టి పైకీ కిందికీ 25 మి.మీ. తిరిగేలా చేయండి. మన హాళ్లు నీళ్లు పోసి కడిగేవి, బండలు గుమ్మం వైపు వాలుతాయి. ఇరవై అడుగుల వరసలో ఆ వాలు బయటపడుతుంది.

చివరి పలక, మాస్టర్ డబ్బా

ప్రతి బోర్డుకీ ముందు వైపు నిలబడి చూస్తే ఎడమ కొస పాకాల వైపు, కుడి కొస రేణిగుంట వైపు. ఇది చెక్క మీద పెయింటుతో రాసేయండి. ట్రాక్ నడిమి గీత ముందు అంచు నుంచి 160 మి.మీ. పాకాల కొసకు పిన్నులు, రేణిగుంట కొసకు బుష్‌లు, అంటే ఆ పిన్నులు దూరే గొట్టాలు. ఈ నాలుగు సంగతులూ ఒప్పుకుంటే ఎవరి బోర్డు ఎవరి పక్కనైనా కూర్చుంటుంది.

వరసను సరిగ్గా కూర్చోబెట్టే పని పిన్నులది, గట్టిగా పట్టి ఉంచే పని బోల్టులది. రెండూ బోల్టులతోనే చేయించాలని చూస్తే బిగించిన ప్రతిసారీ పట్టా ఒక్కోచోట ఉంటుంది. లేత్ షాపులో 8 మి.మీ. స్టీలు కడ్డీని 40 మి.మీ. ముక్కలుగా కోయించి కొసలు గుండ్రంగా చేయించండి. అలాగే లోపల 8, బయట 12, పొడవు 18 మి.మీ. ఉండే ఇత్తడి బుష్‌లు. పిన్ను బుష్‌లోకి వేలితో తోస్తే దూరాలి, ఊగకూడదు.

ఇక మాస్టర్ డబ్బా. 200 మి.మీ. లోతున్న రెండు చిన్న చెక్క డబ్బాలు చేసి, ఒకదానికి పిన్నులు, రెండోదానికి బుష్‌లు పెట్టండి. వాటి మీద ట్రాక్ ముక్క సరిగ్గా 160 గీత మీద, పలకకు లంబంగా అతికించి ఉండాలి. ఈ జత ఒక్కరి ఇంట్లో ఉంటుంది, కొత్త బోర్డు కట్టినవాళ్లంతా దాని దగ్గరికే రావాలి.

మీ చివరి పలకకు ముందు నుంచీ వెనక నుంచీ 60 మి.మీ. లోపల, పై అంచుకు 50 కింద రెండు రంధ్రాలు వేయండి. పిన్నుకైతే 8.5, బుష్‌కైతే 12.5 మి.మీ., అంటే కావాలనే అర మిల్లీ వదులు. పిన్ను వచ్చే కొసలో పలక వెనక ఇంకో 18 మి.మీ. ముక్క అతికిస్తే పిన్ను 25 మి.మీ. చెక్కలో ఉండి 15 బయటికి వస్తుంది. మాస్టర్ డబ్బాను పక్కన బిగించి, పై అంచులు సమంగా పెట్టి, ఆరాల్డైట్ రాసిన పిన్నులు దూర్చి రాత్రంతా వదిలేయండి. డ్రిల్లు అర మిల్లీ పక్కకు పోయినా జిగురు ఆ తేడాను మింగేస్తుంది. మధ్యలో పల్చటి ప్లాస్టిక్ కవరు పెట్టడం మర్చిపోతే మాత్రం మీ బోర్డూ మాస్టరూ శాశ్వతంగా ఒకటే. నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, నెమ్మదిగా ఆరే మామూలు ఆరాల్డైటే వాడండి.

బిగించడానికి 120 మి.మీ. దగ్గర రెండు పక్కలా 10 మి.మీ. రంధ్రాలు, వాటిలో 60 మి.మీ. పొడవు ఎం8 బోల్టులు, పెద్ద వాషర్లు, రెక్క నట్లు.

ట్రాక్ పరిచేటప్పుడు

పట్టా ఎత్తు అందరిదీ ఒకటే కావాలి. కోడ్ 100 అంటే అంగుళంలో వెయ్యో వంతులు నూరు, 2.54 మి.మీ. కోడ్ 83 అయితే 2.1. రెండూ జాయింటులో కలిస్తే ప్రతి చక్రమూ మెట్టు ఎక్కుతుంది. పాత చక్రాలు కూడా నడవాలి కాబట్టి కోడ్ 100 మంచిది. కింద 3 మి.మీ. కార్క్, మోటారు గాస్కెట్లు అమ్మే చోట షీటుగా దొరుకుతుంది.

ట్రాక్‌ను బోర్డు కొస దాటించి మాస్టర్ డబ్బా మీది పట్టాలకు జాయినర్లతో, అంటే పట్టాల కొసలను కలిపే రేకు తొడుగులతో, తగిలించండి. కొస దగ్గర ప్లాస్టిక్ స్లీపర్లు ఐదారు తీసేసి, వాటి చోట 1.6 మి.మీ. రాగిపూత బోర్డు, అంటే పీసీబీ, పట్టీలు రెండు అతికించి ఒక్కో దానికి రెండు స్క్రూలు బిగించండి. ఎత్తు తక్కువైతే కింద అట్టముక్క. రాగిని నడిమధ్య ఆకురాయితో గీసి రెండు ముక్కలుగా విడదీయాలి, లేకపోతే రెండు పట్టాలూ షార్ట్. తర్వాత పట్టా అడుగును గీకి, రోజిన్ ఫ్లక్స్ రాసి, 60 వాట్ల ఐరన్‌తో రెండు మూడు సెకన్లలో టంకం పెట్టేయండి. పక్క స్లీపర్ల మీద తడి దూది ఉంచితే కరగవు. పైపుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి రానివ్వద్దు. ఇప్పుడు బాగానే అంటుకుంటుంది, కొన్ని నెలలకు పచ్చగా తుప్పు పట్టి వైరు ఊడుతుంది.

అంతా చల్లారాక సన్న డిస్కుతో పట్టాలను పలక అంచు వెంబడి కోసి, అర మిల్లీ లోపలికి ఆకురాయి పట్టండి. రెండు బోర్డులు కలిస్తే సందు 1 మి.మీ. అవుతుంది. మోడల్ పెట్టె చక్రం 10.5 మి.మీ., దానికి ఆ సందు లెక్కలోకి రాదు. ఎత్తులో తేడా అలా కాదు. వేలిగోరు పట్టా మీద జరిపితే జాయింటు దగ్గర ఆగకూడదు. గోరు ఆగిన చోట ఎప్పటికో ఒకప్పటికి బండి కూడా పడుతుంది.

ఇక ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, మిద్దె మీద రేకుల గదిలో నికెల్ సిల్వర్ పట్టా ఊరుకుంటుందా? 914 మి.మీ. ఫ్లెక్స్ ట్రాక్ 20 డిగ్రీల తేడాకు సుమారు 0.3 మి.మీ. సాగుతుంది, అంటే దాదాపు ఒక విజిటింగ్ కార్డు మందం. డిసెంబరులో పరిస్తే ప్రతి జాయినర్‌లో ఒక కార్డు ముక్క దూర్చి, పట్టా తగిలించి, కార్డు లాగేయండి. మే నెల మధ్యాహ్నం పరిస్తే సందు అక్కర్లేదు. అన్ని జాయినర్లకూ టంకం పెట్టేసినవాళ్ల ట్రాకే ఎండాకాలంలో పాములా వంకర తిరిగేది. వంపులో రెండు ముక్కలు కలిసే చోట తప్ప జాయినర్లను వదులుగానే ఉంచి, కరెంటు ప్రతి ముక్కకూ వేరే వైరుతో ఇవ్వండి.

ఎక్కుడు దిగుడు కావాలంటే నూటికి రెండు మించకండి, అంటే మీటరుకు 20 మి.మీ. కొసలు మాత్రం సమమట్టంగా ఉండాలి. ఏడుకొండలు కనిపించగానే అందరికీ కొండెక్కే రైలు పెట్టాలని సరదా పుడుతుంది. తిరుమలకు అసలు రైలే లేదు, మోడల్లోనూ కొండను వెనక ఉండనివ్వండి.

కరెంటు

బోర్డు కింద ఎరుపు, నలుపు 1.5 చదరపు మి.మీ. రాగి వైర్లు రెండు కొస నుంచి కొసకు. వెనక పట్టా ఎరుపు, ముందు పట్టా నలుపు, ఎవరి బోర్డయినా ఇంతే. ప్రతి పట్టా ముక్క నుంచి 0.5 వైరు కిందికి దింపి వీటికి టంకం పెట్టండి. బోర్డుల మధ్య ఎక్స్‌టీ60 కనెక్టర్లు, పాకాల కొసకు ఆడది, రేణిగుంట కొసకు మగది. అవి తిరగబడి దూరవు, అందుకే అవి. సులువుగా దొరుకుతాయని ఇంటి 5 ఆంప్స్ ప్లగ్గులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. సందడిలో ఎవరో పిల్లవాడు దాన్ని గోడ సాకెట్లో దూరిస్తే పట్టాల మీదికి 230 వోల్టులు వస్తాయి, ప్రాణం పోతుంది.

12 వోల్టులు, 2 ఆంప్స్ డీసీ అడాప్టరు, దాని తర్వాత స్పీడు కంట్రోలరు, దిశ మార్చే స్విచ్చు చాలు. కంట్రోలరుకూ ట్రాక్‌కూ మధ్య ఒక వైరులో 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు సిరీస్‌లో పెట్టండి. వాహనాల స్పేర్లు అమ్మే ఏ దుకాణంలోనైనా ఉంటుంది. బండి మామూలుగా నడుస్తున్నప్పుడు అది దాదాపు వెలగదు. షార్ట్ అయితే భగ్గున వెలిగి కరెంటును రెండు ఆంప్స్ లోపే ఆపుతుంది. గది అంతటికీ తెలిసిపోతుంది కూడా. "సామీ, బల్బు ఎలిగింది, ఎవురి బండో పాయింటు మీద పడుండాది సూడండి" అని ఒకరు అంటే చాలు, అందరూ వాళ్ల బోర్డు చూసుకుంటారు.

డీసీసీ, అంటే ప్రతి ఇంజనుకూ పట్టాల మీదుగా విడిగా ఆదేశాలు పంపే పద్ధతి, వాడేవాళ్లు ఉంటే ఆ పూటంతా డీసీసీయే నడపండి. ఆ ఆదేశాలు చదివే డీకోడరు లేని ఇంజనును డీసీసీ ట్రాక్ మీద పెడితే మోటారు గీమని అరుస్తూ వేడెక్కుతుంది. ఆ బల్బు కూడా అప్పుడు తీసేయాలి.

పెట్టెల బరువు, చక్రాలు

అట్టతోనో 3డీ ప్రింటుతోనో ఇంట్లో చేసుకున్న పెట్టెలు తేలిగ్గా ఉండి వంపులో లోపలికి పడిపోతాయి. 1935లో అమెరికాలో పుట్టిన ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ అనే మోడల్ రైళ్ల సంఘం ఇచ్చిన సూత్రం ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు, పైన పొడవులో అంగుళానికి అర ఔన్సు. ఎల్‌హెచ్‌బీకి అది 182 గ్రాములు, ఐసీఎఫ్‌కు 171. టైర్ల దుకాణంలో చక్రం బ్యాలెన్సింగ్‌కు అతికించే 5, 10 గ్రాముల బిళ్లలు అడిగి తెచ్చి, పెట్టె అడుగున రెండు కొసల చక్రాల చట్రాల మధ్య సమంగా పరవండి. పైకప్పుకు అతికిస్తే తల బరువై తూలుతుంది.

చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మి.మీ. దగ్గర ఉండాలి, వెర్నియర్‌తో చూడండి. 14 ఉంటే పాయింటులో చక్రం దారి తప్పకుండా కాసే చెక్‌రైల్ ఎక్కుతుంది. పెట్టెలను కలిపే కొక్కెం, అంటే కప్లర్, ఎత్తు పట్టా పైనుంచి 10 మి.మీ. ఏ రకమైనా అందరిదీ ఒకటే కావాలి, లేకుంటే ఇద్దరి పెట్టెలు కలిపి నడిపే సరదా పోతుంది.

కొండ, కంకర, ప్లాట్‌ఫారం

అసలు ప్లాట్‌ఫారం ఎత్తు 840 మి.మీ., మోడల్లో 9.7. తిన్నని ట్రాక్ పక్కన నడిమి గీత నుంచి 21 మి.మీ. దూరం వదిలితే పెట్టె గీసుకోదు. 828 రేడియస్ వంపులో ఎల్‌హెచ్‌బీ నడుము ఇంకో నాలుగున్నర మిల్లీ లోపలికి వస్తుంది, అక్కడ 25 వదలండి. కరెంటు స్తంభాలను చాలామంది అరచెయ్యికొకటి నాటేస్తారు. అసలు లైన్లో స్తంభాల మధ్య 72 మీటర్ల దాకా ఉండొచ్చు, మోడల్లో అది 828 మి.మీ. బోర్డుకు రెండు చాలు, కొసకు 50 మి.మీ. లోపల ఒక్కటీ వద్దు. కాంటాక్ట్ వైరు పట్టా మీద 63 మి.మీ. ఎత్తులో వస్తుంది.

కంకరకు క్రషర్ పొడి తెచ్చి టీ జాలిలో జల్లించి, కిందపడినదాన్ని పల్చటి గుడ్డలో మళ్లీ జల్లించండి. గుడ్డలో మిగిలిందే మనది, అర మిల్లీ అటూ ఇటూ ఉంటుంది. స్వర్ణముఖి ఇసుకయితే అయస్కాంతం తప్పనిసరిగా తిప్పాలి. అందులోని నల్ల ఇనుప రేణువులు ఇంజను మోటారులోకి చేరితే ఇంజను మూగదవుతుంది. పరిచిన కంకర మీద ముందు నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి చిలకరించి, తర్వాత ఒక పాలు ఫెవికాల్, మూడు పాళ్లు నీళ్లు చుక్కలుగా వదలండి. సబ్బు లేకపోతే జిగురు బంతిలా దొర్లి కంకరను లాగేస్తుంది. పాయింటు నాలుకల దగ్గర ఇదంతా పొడిగా, పల్చగానే ఉంచండి. బండ్లు రెండు మూడు వారాలు నడిచి లోపాలు తేలాకే కంకర వేయాలి, వేశాక ట్రాక్ కదపలేరు.

శేషాచలం గుట్ట చేసేవాళ్లు ఘాట్ రోడ్డులో వెళ్లేటప్పుడు రాతిని గమనించండి. కింద వాలుగా గ్రానైటు, దాని పైన పలకలు పలకలుగా పేర్చినట్టు నిటారు క్వార్ట్‌జైట్ గోడ. థర్మోకోల్‌ను అడ్డంగా పొరలుగా అతికించి, నిలువునా కత్తితో పగుళ్లు గీసి, పైన ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పూస్తే ఆ గోడ వస్తుంది. ఎనామిల్ పెయింటు, పెట్రోలు వాసన వచ్చే జిగుర్లు థర్మోకోల్‌ను తినేస్తాయి. ఫెవికాల్, నీళ్ల రంగులే వాడండి. గుట్ట ఎత్తు 130 మి.మీ. మించితే దాన్ని ఊడదీసేలా చేయాలి, కారణం చివర్లో ఉంది.

కూడిన రోజు

నడిమి బోర్డు ముందు నిలబెట్టి రసమట్టం చూడండి. మేస్త్రీల లెవెల్ పైపు ఉంటే వరసంతా ఒకేసారి తేలిపోతుంది. అక్కడి నుంచి రెండు వైపులా ఒక్కో బోర్డు కలుపుతూ పోవాలి. పిన్నులు దూరాక బోల్టులు సగం బిగించి, గోరు పరీక్ష చేసి, తర్వాత పూర్తిగా బిగించండి. కనెక్టర్లు పెట్టాక స్పీడు పూర్తిగా తిప్పి ప్రతి బోర్డు మీదా పట్టాలకు అడ్డంగా రూపాయి బిళ్ల పెట్టండి. బల్బు అన్ని చోట్లా ఒకే వెలుగు ఇవ్వాలి. మసగ్గా వెలిగిన చోట టంకం పచ్చిగా ఉంది. ఆ తర్వాత ఒంటరి ఇంజను నెమ్మదిగా, దాని తర్వాత పెట్టెలను వెనక్కి తోయిస్తూ ఒకసారి. లాగేటప్పుడు దాక్కున్న లోపం తోసేటప్పుడు బయటపడుతుంది.

బండి పడిందంటే ఎవరి తప్పు అనే చర్చ మామూలే. తేల్చడం సులువు: వేర్వేరు పెట్టెలు ఒకే చోట పడితే తప్పు ట్రాక్‌ది, ఒకే పెట్టె అన్ని చోట్లా పడితే చక్రాలది. "మీ బోర్డు బాగలేదన్నా" అనేకంటే గోరు పెట్టి చూపించి ఊరుకుంటే మాట మిగులుతుంది. ఇంకొకరి ఇంజనును ముట్టుకునే ముందు అడగాలి. పిల్లలకు వేరే ఒక గట్టి బండి ఇచ్చేయండి, అన్ని బండ్లకూ కాపలా కాయడం కంటే అదే నయం.

వడలు, మురుకులు, కాఫీ వేరే బల్ల మీద. నూనె వేళ్లతో పట్టా తాకితే ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని ఇంజను గెంతుతుంది. సాంబ్రాణి, అగరొత్తుల పొగ, వంటింటి తిరగమోత కూడా అంతే, పూజగది పక్కన లేఅవుట్ పెట్టినవాళ్లు వారానికోసారి తుడవాల్సి వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఇంకోసారి. ఉప్పుకాగితం పట్టవద్దు, ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది.

తిరిగి కట్టేటప్పుడు రెండు బోర్డులను ముఖాముఖిగా పెట్టి, రెండు కొసలా 12 మి.మీ. ప్లై పలకలతో బోల్టులు బిగిస్తే పెట్టెలా తయారవుతుంది. పైపలకల మధ్య 300 మి.మీ. ఖాళీ వదిలితే 130 ఎత్తున్న గుట్టలు ఒకదాన్నొకటి తాకవు. ఇలా బిగించిన జత 1220 మి.మీ.కి పైనే ఉంటుంది, ఆటో మాట్లాడే ముందు టేపు పెట్టి చూడండి. రెక్క నట్లు, వాషర్లు, రెండు స్పేర్ జాయినర్లు, ఇంకో బల్బు ఒక టిఫిన్ డబ్బాలో వేసి బోర్డుకే కట్టేయండి. పిన్నులున్న కొసకు మందపాటి అట్ట చుట్టి టేపు వేయాలి, ఇరుకు ఆటోలో పక్కవాళ్ల మోకాలికి ముందు తగిలేవి అవే.